నాయన మాటకు సరే అన్న పెట్టె

ఎనభైల నడుమ ఒక వేసవిలో మా అన్న మద్రాసు నుంచి ఒక చిన్న కంప్యూటరును అట్టపెట్టెలో పెట్టి, బస్సులో దారి పొడుగునా ఒళ్ళోనే ఉంచుకుని తిరుపతికి తెచ్చాడు. అతను అక్కడ అలాంటి యంత్రాలు బాగుచేసే చోట పనిచేసేవాడు. ఎవరికీ అక్కర్లేదని మూలన పడేసినదాన్ని అడిగి తెచ్చుకున్నాడట. చూడటానికి మందపాటి పలకలా ఉండేది. పైన మీటలు, వెనక మూడు తీగలు. ఒకటి మా నలుపు తెలుపు టీవీకి, ఒకటి టేప్‌రికార్డరుకు, మూడోది కరెంటుకు.

"ఇది పాపకు," అని నా ముందు పెట్టాడు.

"దానికెందుకురా ఇది? అన్నం వండుతాదా?" అంది అమ్మ.

"వండదుమ్మా. వండమంటే, ఎట్ల వండాల్నో ఒగొగటే నువ్వే సెప్పమంటాది."

"అట్లాంటోడు ఇంట్లో ఒగడు ఉండనే ఉండాడు గదా, సాల్దా?"

ఆ మాటకు అందరికంటే ఎక్కువ నవ్వింది నాయనే.

నాకు మూడో యేట జ్వరమొచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. బడి మా ఇంటికి దూరం. అందుకని బడి చేయవలసిన పనంతా నాయనే చేశాడు. ఆయన రేణిగుంట స్టేషన్లో తంతి పంపే ఉద్యోగి. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, దేవుడి గూటి ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నిలబడి, ఆ తర్వాత పలక తీసుకుని నా పక్కన కూర్చునేవాడు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, అన్నీ ఆ పలక మీదే. ఆయన పాఠం చెప్పే పద్ధతి తంతి ఆఫీసు పద్ధతి. తను ఒక వాక్యం చెబితే నేను దాన్ని తిరిగి అప్పజెప్పాలి.

"అవతలోడు అందింది అని జవాబిచ్చేదాకా మనం సెప్పింది సెప్పినట్టు గాదు పాపా. అందింది అన్నాడంటే మాత్రం అయిపోయినట్టే. మళ్ళా మళ్ళా కొట్టగూడదు. లైను ఇంగొకరికి కావాల," అనేవాడు.

బడి మెట్లు ఎక్కలేదని నేను ఎప్పుడూ బాధపడలేదు. అలాంటి గురువును ఇంట్లోనే ఇచ్చినందుకు కొండమీది స్వామికి రోజూ దండం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ పెట్టుకుంటాను.

యంత్రంతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. నాయన నేర్పిన ఇంగ్లీషు దానికి సరిపోయింది. బేసిక్ అనే భాష అందులో ఉంది. తెర మీద ఒక చిన్న గుర్తు మినుకుమినుకుమంటూ ఉండేది. దాని ముందు ఒక మాట కొట్టి పెద్ద మీట నొక్కితే, యంత్రం అప్పటికప్పుడు ఆ మాట చదివి, చేయగలిగిన పనైతే చేసి, మళ్ళీ ఆ గుర్తు వేసి కాచుకుని ఉండేది. అడగడం, వినడం, చేయడం, మళ్ళీ అడగడం. విసుగు అన్నది లేదు దానికి. ఆ ఓపిక చూసి నాకు ముచ్చటేసేది.

అయితే దానికి తెలిసినవి కొద్దిపాటి ఇంగ్లీషు మాటలే. దాని లోపలే ప్రోగ్రాం అని ఇంకొకదాన్ని కట్టి, మనకు కావలసిన మాటలు వినేలా చేసుకోవచ్చని పుస్తకంలో ఒక అధ్యాయం చెప్పింది. ముందుగా తెర మీద "చెప్పు" అని వేయించాలి. కొట్టిన వరుసను ఒక చోట పట్టి ఉంచాలి. అందులో మొదటి ఖాళీ దాకా ఉన్న ముక్క పని, ఆ తర్వాతి ముక్క ఎవరిని, దేన్ని అనేది. మొదటి ముక్కను మన జాబితాలోని ఒక్కొక్క మాటతో పోల్చి చూడాలి. కలిస్తే ఆ పని కోసం రాసిన చోటికి పోవాలి, అది ముగించుకుని తిరిగి "చెప్పు" దగ్గరికి రావాలి. యంత్రానికి తెలుగు లిపి రాదు కనుక మన మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. నేను మొదట కట్టినది చాలా చిన్నది. వారం పేరు కొడితే ఆ రోజు ఏ దేవుడికి ఏ నైవేద్యమో చెప్పేది. దాన్ని ఆపడానికి పెట్టిన మాట "పోయొస్తా". ఉత్త "పోతా" అని పెట్టడానికి నాకు చేయి రాలేదు.

నాయన అప్పటికే రిటైరై ఇంట్లోనే ఉన్నాడు. నా పక్కన కుర్చీ వేసుకుని, ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకుంటూ, అది జవాబిచ్చిన ప్రతిసారీ "అందింది, అందింది," అని తల ఊపేవాడు.

మరుసటి యేడు కార్తీకంలో ఒక ఉదయం ఆయన బావి దగ్గర పడిపోయాడు. ప్రాణం దక్కింది. కుడి చేయి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. మనం చెప్పేదంతా ఆయనకు తెలుస్తుందనీ, ఆయన మనకు చెప్పలేడనీ, మనసుకు కష్టం కలిగించే ప్రస్తావనలు తేవద్దనీ డాక్టరు చెప్పాడు. ఎడమ చేతికి పలక ఇచ్చి రాయించి చూశాం. గీత మీద గీత పడి ఒక్క అక్షరమూ నిలబడలేదు. ఆ వేళ్ళు మాత్రం ఊరికే ఉండకుండా మంచం పట్టె మీద తడుతూ ఉండేవి. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒకాయన చూడటానికి వచ్చి, పట్టె మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"తంతి కొడతా ఉన్నాడమ్మా. కానీ వేళ్ళు తడబడతా ఉండాయి. నాకు పట్టుబడ్లేదు," అని అమ్మతో చెప్పి, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంట్లో మాకెవరికీ ఆ భాష రాదు. నాయన నాకు నేర్పనిది అదొక్కటే. ఆఫీసు సంగతి ఇంట్లో ఎందుకనేవాడు.

పండుకున్న మనిషి నోట్లో మాట అట్లా ఆగిపోయి ఉంటే చూస్తూ కూర్చోలేకపోయాను. ఎడమ చూపుడు వేలితో మీట నొక్కగలడు గదా అన్న ఆలోచన పూజ చేసుకుంటుంటే వచ్చింది. స్వామి ఇచ్చిన ఆలోచనే అనుకున్నాను. మంచం పక్కన ముక్కాలిపీట మీద యంత్రాన్ని పెట్టి, టీవీని ఆయనకు కనబడేలా గోడ వారకు జరిపించాను. ఆయన ఒక మాట కొడితే అది తెరంతా పెద్ద అక్షరాల్లో రావాలి, వంటింట్లో ఉన్న అమ్మకు వినబడేలా యంత్రం మూడుసార్లు కూయాలి. అంతే నేను కోరుకున్నది.

ఏ మాటలు పెట్టాలో నేనూ అమ్మా కూర్చుని జాబితా వేశాం. నీళ్ళు, అన్నం, మందు, దిండు, దోమ, గాలి, దీపం, గడ్డం. నేను ఏదైనా చదివి వినిపించాలంటే "చదువు". మనిషి కావాలంటే "పిలువు", దాని పక్కన ఎవరన్నది. అమ్మ, పాప, కొడుకు, గార్డు. గార్డు అంటే మా వీధిలోనే ఉండే గూడ్సు బండి గార్డు మామ. నాయనను ఎత్తి కూర్చోబెట్టడానికి సాయం వచ్చేవాడు.

ఇంకొకరున్నారు. నాయన తమ్ముడు, మా చిన్నాయన. ఆయనను జాబితాలో పెట్టాలన్న తలంపే మా ఇద్దరికీ రాలేదు. ఆయన మాట ఎత్తకుండా బతకడం మా ఇంటికి అంతగా అలవాటైపోయింది.

చిన్నాయన కూడా తంతి ఉద్యోగే. అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద ఆ పని నేర్చుకున్నారు. వేరువేరు స్టేషన్లలో ఉండి కూడా, లైను ఖాళీగా ఉన్నప్పుడు తీగ మీద పలకరించుకునేవాళ్ళట. మా అవ్వ, అంటే వాళ్ళమ్మ, పోయినప్పుడు చిన్నాయన గుంతకల్లు అవతల ఎక్కడో ఉన్నాడు. కబురు నాయనే తన చేత్తో కొట్టాడు. చావు మాటను తీగ మీద పంపకుండా "సీరియస్, వెంటనే బయలుదేరు" అనడం అందరూ పాటించే మర్యాద. నాయన అదే పంపాడు. చిన్నాయన ఆ మాటను ఉన్నదున్నట్టుగా నమ్మి, ఇంకా టైముందనుకుని, డ్యూటీ ముగించుకుని మర్నాడు బయలుదేరాడు. వచ్చేసరికి దహనం అయిపోయింది.

ఆ రోజు మా వాకిట్లో నిలబడి ఆయన అన్న మాటలు నేను కిటికీలోంచి విన్నాను.

"ఊర్లో వాళ్ళకు పంపే మాట నాకు పంపుతావా అన్నా? ఆ సీరియస్సులు దినామూ నా చేత్తో నేను ఎంతమందికి కొడతా ఉండా! నువ్వు గూడా నాకు అదే కొడతావని నేనెట్ల అనుకునేది?"

"నా చేత్తో ఆ మాట కొట్టలేకపోయినాను రా."

"ఉండేది ఉండేట్టు సెప్పి నన్ను పిలిసే పొద్దు వస్తా. అందాకా నేను ఈడికి రాను."

ఏళ్ళు గడిచాయి. చిన్నాయనకు శ్రీకాళహస్తి స్టేషనుకు బదిలీ అయింది. రైలెక్కితే గంట దూరం. అయినా ఆయన రాలేదు, నాయన పిలవలేదు.

కట్టడం పూర్తయిన రోజు నాయన వేలును నేనే మీట మీద పెట్టాను. నీళ్ళు అని కొట్టబోయి ఒక అక్షరం పక్క మీట నొక్కాడు. జాబితాలో కలవని మాటకు నేను మొదట పెట్టిన జవాబు "తెలియదు". తెర మీద తెలియదు అని వచ్చింది. మళ్ళీ కొట్టాడు. తెలియదు. ఐదారుసార్లు అట్లాగే అయింది. నాయన చేయి తీసేసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. చెంప మీద నీళ్ళు దిగుతుంటే తుడుచుకోవడానికి కూడా ఆ చేయి లేవలేదు.

"ఏందే అది? మంచాన పడిన మనిషి మొగం మీదనే తెలీదు, తెలీదు అంటా ఉండాది! ఇంట్లో బియ్యం అయిపోయినా నిండుకున్నాయంటాం గానీ లేవంటామా? తీసెయ్ ఆ మాట," అంది అమ్మ.

తీసేశాను. దాని చోట "సరే" అని పెట్టాను. కలిసిన మాటకు కూత, పెద్ద అక్షరాలు. కలవని మాటకు కూత లేదు, కింద చిన్నగా "సరే". ఆ తర్వాత మళ్ళీ "చెప్పు నాయనా".

ఆ ఆదివారం వచ్చిన అన్న దాన్ని చూసి మొదట నవ్వాడు.

"పెట్టెకు మీ వంటింటి మర్యాదలు నేర్పినావే!" అని, తర్వాత కొంచెం ఆగి, "పాపా, తెలీనప్పుడు తెలీదనే సెప్పాల. సరే అంటే, ఆయప్ప పనైపోయిందనుకుంటాడు," అన్నాడు.

"కొట్టిన మాట పని చేయకుంటే మళ్ళా కొడతాడు లే. నాయన మొగం సూసింటే నువ్వు ఇట్ల అనవు."

"సూడకుండానే సెప్తా ఉండా. తప్పు."

"మద్రాసులో నువ్వు మిషన్లు బాగుసెయ్యి పోప్పా. నాయన సంగతి నాకు తెలుసు," అన్నాను.

అంత ధీమాగా అన్నాను. అందింది అన్న మాట విన్న తర్వాత మళ్ళీ కొట్టకూడదని నాకు చిన్నప్పుడే నేర్పిన మనిషి గురించి.

తర్వాతి వారాలు నిజంగా మంచివి. రోజురోజుకూ ఆయన వేలు కుదురుకుంది. పొద్దున యంత్రం మూడుసార్లు కూసిందంటే అమ్మ కొంగుతో చేయి తుడుచుకుంటూ పరుగున వచ్చి, తెర మీద "దిండు" చూసి, "ఈ దిండుకేనా ఊరంతా లేపినావు!" అని విసుక్కుంటూనే నవ్వేది. మధ్యాహ్నాలు "చదువు" అని కొట్టేవాడు. నేను స్తోత్రాలో పాత పత్రికలో చదివేదాన్ని. ఇక చాలనిపిస్తే "దీపం" కొట్టేవాడు, పొద్దు వాలకపోయినా సరే. అది మా ఇద్దరి మధ్య వేళాకోళం. ఆ ఎడమ చేయిని మాకు మిగిల్చినందుకు, మూలన పడేసిన పెట్టె అన్న కంట పడినందుకు, కరెంటు పోకుండా ఉన్న ప్రతి పూటకూ నేను స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

ఒక రోజు పొద్దున్నే "గడ్డం" అని కొట్టాడు. అంతకుముందు వారానికొకసారి గీయించుకునేవాడు, అదీ మేం అడిగితే. ఆ రోజు తనే అడిగాడు. గడ్డం అయ్యాక ఇస్త్రీ చొక్కా వైపు చూపించి తొడిగించుకున్నాడు. మంచాన్ని వాకిలి వైపు తిప్పమని కనుసైగ చేశాడు. గార్డు మామ వచ్చి తిప్పాడు.

"సూడండి, మనిషికి ఆశ పుట్టింది. ఇంగ కోలుకుంటాడు," అన్నాడు మామ.

మర్నాడు కూడా గడ్డం. ఆ మర్నాడు కూడా. మధ్యాహ్నం ప్యాసింజరు వచ్చే వేళకు తలగడ ఎత్తు చేయించుకుని వాకిలి వైపే చూస్తూ ఉండేవాడు. వీధిలో జనం తిరుగుతుంటే పొద్దుపోతుంది కాబోలు అనుకున్నాం. "చదువు" అని కొట్టడం తగ్గిపోయింది. నా గొంతు విని విని విసుగొచ్చిందేమో అనుకున్నాను.

అట్లా ఎనిమిది రోజులు గడిచాయి. ఆయన వేలు త్వరగా అలసిపోతుండటం చూసి, ఎక్కువగా వాడే మాటలకు ఒకే మీట పెడితే బాగుంటుందనుకున్నాను. ఏవి ఎక్కువో తెలియాలంటే కొట్టిన ప్రతి వరుసనూ యంత్రం గుర్తుంచుకోవాలి. పుస్తకంలో దానికి దారి ఉంది. వందకు పైగా గళ్ళున్న ఒక పట్టిక పెట్టి, ఆయన కొట్టిందీ, యంత్రం ఇచ్చిన జవాబూ వరుసగా అందులోకి చేరేలా ఐదారు వరుసలు రాశాను. తొమ్మిదో రోజు పొద్దున నుంచి అది నడిచింది.

ఆ సాయంత్రం దీపం పెట్టి వచ్చి పట్టికను తెర మీదికి రప్పించాను. నాయన కునుకు తీస్తున్నాడు. నీళ్ళు. గడ్డం. గాలి. మందు. వేలితో లెక్కపెట్టుకుంటూ కిందికి వస్తున్నాను.

పిలువు తమ్ముడు. సరే.

దాని కింద, మధ్యాహ్నపు మందు తర్వాత, అంటే ప్యాసింజరు వెళ్ళిపోయాక, కొట్టినది.

ఎప్పుడు. సరే.

ఇంకా కింద.

బండి ఆలస్యమా. సరే.

నేను కట్టిన దాంట్లో "పిలువు" తర్వాత వచ్చే మాట నా నలుగురిలో ఎవరితోనూ కలవకపోతే, కూత లేకుండా చివరి వరుసకు జారి సరే అంటుంది. నాకు ఆ సంగతి చేతివేళ్ళంత బాగా తెలుసు. గడ్డం, చొక్కా, తిప్పిన మంచం, ఒక్కొక్కటీ వాటంతట అవే వచ్చి ఆ మూడు వరుసల పక్కన నిలబడ్డాయి. మొదట పిలిచింది ఈ రోజు కాదు. గడ్డం అడిగిన ఆ మొదటి పొద్దునే ఆయన పిలిచాడు. సరే అని జవాబొచ్చింది. అందిందనుకుని, ఈ రోజు దాకా మళ్ళీ కొట్టకుండా, లైను ఇంకొకరికి వదిలి, తొమ్మిది రోజులు వాకిలి చూశాడు.

అమ్మను పిలిచి చూపించాను. అమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు. చదివి చెప్పాను. అమ్మ తెరను కాసేపు, నన్ను కాసేపు చూసి, గార్డు మామ ఇంటికి నడిచి ఆయన్ను వెంటబెట్టుకొచ్చింది.

మామ మర్నాడు తెల్లవారుజామున గూడ్సు మీద శ్రీకాళహస్తి వైపే పోవలసి ఉంది.

"ఏమని సెప్పమంటావు పాపా? సీరియస్ అని సెప్పనా?" అని అడిగాడు.

"ఆ మాట వద్దు మామా. మీ అన్న పిలుస్తా ఉన్నాడు అని సెప్పు. అంతే. ఉండేది అదే," అన్నాను.

మామ వెళ్ళాక నాయనకు మెలకువ వచ్చింది. నేను మంచం పట్టె మీద కూర్చుని, "చిన్నాయనను పిలిచినావా నాయనా?" అని అడిగాను. ఆయన ముఖమంతా వెలిగింది. తల ఊపి, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని వాకిలి వైపు చూపించి, కనుబొమలు ఎత్తాడు. ఏడీ, అని.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నీ మాట ఈ రోజు దాకా ఎవరికీ అందలేదు నాయనా, నేను తప్పు చేశానని. ఆ ముఖం చూసి నా నోరు పెగల్లేదు.

"బయల్దేరినాడు నాయనా," అన్నాను.

తెల్లవారేసరికి నాయనకు పక్షవాతం రెండోసారి వచ్చింది. కళ్ళు తెరవలేదు. డాక్టరు వచ్చి చూసి, ఆసుపత్రికి కదిలించవద్దన్నాడు. అన్నకు మద్రాసుకు ఫోను చేయించాం.

మధ్యాహ్నం ప్యాసింజరులో చిన్నాయన వచ్చాడు. డ్యూటీ బట్టలతోనే ఉన్నాడు. చెప్పులు వీధిలోనే వదిలి, వాకిట్లో ఒక్క క్షణం ఆగి, నేరుగా మంచం దగ్గరికొచ్చి కింద కూర్చున్నాడు. నాయన ఎడమ చేయిని ఒళ్ళోకి తీసుకుని, అరచేతిలో చూపుడు వేలితో పొట్టిగా, పొడుగ్గా నొక్కడం మొదలుపెట్టాడు. కాసేపు నొక్కి ఆగేవాడు. ఆ వేళ్ళ వంక చూసేవాడు. మళ్ళీ అదే మొదటి నుంచి.

"నీకు సంగతి ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది అమ్మ.

"పడిపోయిన మర్నాడే తెలిసింది వదినా."

"తెలిసీ రాలేదా?"

"పిలిస్తే వస్తానంటిని గదా. ఈ పొద్దు పిలుస్తాడు, రేపు పిలుస్తాడు అని స్టేషన్లో కూసోనుంటి. ఎవురి తంతి వచ్చినా నాదేనేమో అని లేస్తా ఉంటి." ఆయన చేయి ఆగలేదు. "ఈ సేతిని ఆడించి ఏమన్నా కొట్టినాడా?"

"మంచం మీద కొడతా ఉండె. ఒకాయన వచ్చి విన్నాడు. ఆయనకు పట్టుబడలా," అంది అమ్మ.

"ఆయప్పకు ఎట్ల పట్టుబడుతుంది? మా అన్న సెయ్యి నాకు తెలుసు. వేళ్ళు ఎంత తడబడినా నాకు తెలిసుండేది." నావైపు తిరిగాడు. "ఎప్పుడు పిలిసినాడు పాపా? నిన్ననేనా?"

గార్డు మామ ఆయనకు చెప్పింది అంతే. నిన్న సాయంత్రం అని నేనంటే అది అక్కడితో అయిపోయేది. అమ్మ నావైపు చూడకుండా నేలను చూస్తోంది.

"తొమ్మిది రోజులాయె సిన్నాయనా," అన్నాను.

యంత్రం సంగతి, జాబితా సంగతి, తెలియదు తీసి సరే పెట్టిన సంగతి, అంతా చెప్పాను. ఏడుపు రాలేదు. పాఠం అప్పజెప్పినట్టు వరుసగా చెప్పాను.

ఆయన నాయన చేయి వదలకుండానే నన్ను చూశాడు.

"సరే అన్నిందా?"

"అవును."

"ఆయన కొట్టిన ప్రతి మాటకూ?"

"తెలీని ప్రతి మాటకూ."

"మీ నాయన బిడ్డవే," అన్నాడు. కోపంగా కాదు, అట్లాగని మెత్తగానూ కాదు. "ఉండేది ఉండేట్టు సెప్పే నోరు మీ ఇద్దరికీ లేదు. మనసు నొస్తుందని భయపడతారు. అది నొచ్చకుండా పోతుందా పాపా?"

అని మళ్ళీ నాయన అరచేతి మీదికి వంగాడు. స్టేషను జవాబివ్వకపోతే ఇచ్చేదాకా పిలుస్తూనే ఉండాలనేది వాళ్ళ పనిలో రివాజట. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది. పొద్దు గోడ దిగి గడప దాకా వచ్చింది. ఆయన వేలు ఆగలేదు. చీకటి పడకముందే నాయన పోయాడు. ఆ వేళ్ళు ఒక్కసారైనా కదిలాయా అని నేను అడగలేదు. చిన్నాయన చెప్పలేదు.

తర్వాతి రోజుల్లో ఇంట్లో దేవుడి గూడు మూసి ఉంది. మైలలో పూజ లేదు. తెల్లారి లేస్తే నా చేతులకు పని తోచేది కాదు. మూడో రోజో నాలుగో రోజో పెట్టె ముందు కూర్చుని ఆ చివరి వరుసను మార్చాను. సరే తీసేసి, "ఈ మాట నాకు తెలియదు. ఎవరినైనా పిలవండి" అని పెట్టాను. మూడు కూతలు కూడా పెట్టాను. కట్టింది క్యాసెట్‌లోకి ఎక్కించాను. ఇక దాన్ని ఎవరు వాడతారని నన్ను నేను అడగలేదు. తప్పు వరుస ఇంట్లో ఉండటం భరించలేకపోయాను, అంతే.

పదకొండో రోజు కార్యం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. అన్న మర్నాడు మద్రాసుకు పోవాలి. చిన్నాయన కూడా సంచి సర్దుకుంటున్నాడు. సర్దుకుంటూ సర్దుకుంటూ ఆగి, "ఆ పెట్టె ఒగసారి సూపించు పాపా," అన్నాడు.

అన్న తీగలు తగిలించాడు. నేను క్యాసెట్ వేశాను. కట్టింది లోపలికి ఎక్కేటప్పుడు టేపు కీచుమని పొడుగ్గా, పొట్టిగా అరుస్తుంది. చిన్నాయన తల ఒక పక్కకు వంచి దాన్ని వింటూ కూర్చున్నాడు, అలవాటు కొద్దీ.

"ఇదేమీ సెప్పదు సిన్నాయనా. ఉత్త సద్దు," అన్నాడు అన్న.

"తెలుసులేరా," అన్నాడు ఆయన.

తెర మీద "చెప్పు నాయనా" అని వచ్చింది. అది మార్చాలని నాకు తోచలేదు. చిన్నాయన దాన్ని చదువుకుని ముక్కాలిపీటను దగ్గరకు లాక్కున్నాడు. మీటలు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కుంటూ, ఒక్క వేలితో, చాలా నిదానంగా ఒక వరుస కొట్టాడు.

వచ్చినా అన్నా.

పెద్ద మీట ఏదో నేను చూపించాను. నొక్కాడు. మూడుసార్లు కూత వినబడింది. వంటింట్లో అమ్మ చేతిలోని గిన్నె వదిలేసి రెండడుగులు పరుగెత్తి వచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది.

చిన్నాయన తెర మీద వచ్చిన దాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"ఈ మాట నాకు తెలియదు. ఎవరినైనా పిలవండి."

మళ్ళీ ఒకసారి చదివాడు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఎవుర్ని పిలిసేది పాపా?" అని నన్ను అడిగాడు.

"నాకు తెలీదు సిన్నాయనా," అన్నాను.

ఆయన తల ఊపాడు. అన్న వచ్చి తీగలు ఒక్కొక్కటీ ఊడదీశాడు. చిన్నాయన నాలుగున్నర బండికి బయలుదేరాడు. అమ్మ ఆయన సంచిలో పెరుగన్నం పొట్లం పెట్టింది.